గాలి యాడినుంచి వస్తాది?

రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి తిరుపతి రోడ్ల మీద కనిపించేది రెండే జాతులు. కొండకు పోయే యాత్రికులు ఒకటి, ఇంట్లో కంప్యూటరు మొరాయించినవాళ్లు రెండోది. నేను రెండో జాతి. ఏడాది కిందట కొన్న యంత్రం, పని మొదలుపెట్టిన పది నిమిషాలకే రైస్‌మిల్లులా హోరెత్తుతోంది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తిలక్ రోడ్డు పక్క సందులో ఉన్న అంగడికి చేరేసరికి లోపల పంచాయితీ సగంలో ఉంది.

ఒకవైపు మామ. చిత్తూరులో ఇరవై ఏళ్లుగా పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్ నడుపుతున్నాడు. ఇంకోవైపు అల్లుడు, ఆయన సొంత అక్క కొడుకు, ఈ అంగట్లో కంప్యూటర్లు బిగించే కుర్రాడు. కొత్త యంత్రానికి ప్రాసెసరు, బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అన్నిటికీ మామ తల ఊపేశాడు. బేరం తెగనిదల్లా క్యాబినెట్ దగ్గర. మన ఊళ్లలో పెట్టె మొత్తాన్నీ కలిపి సీపీయూ అంటాం. ఉత్త డబ్బాను క్యాబినెట్ అనడం అంగడి మాట. అట్టపెట్టె మీద మాత్రం ‘కేస్’ అని అచ్చేసి ఉంటుంది. కేసంటే మనకు కోర్టు వాయిదా గుర్తొస్తుంది గనక ఆ మాట ఎవరూ వాడరు.

నా వంతు వచ్చేదాకా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని విన్నదాన్ని విన్నట్టు రాస్తున్నాను. మధ్యలో నేనూ ఇరుక్కున్నాను. అది తర్వాత.

మామ: రేకు డబ్బాకు 4,000 పెట్టమంటావు. నా కాడ ఉండేది 1,800ది. ఎస్‌ఎంపీఎస్ గూడా దాంతోనే వచ్చింది. ఆరేండ్లుగా మా ఊళ్లో ఎన్ని పెండ్లిండ్లు దాంట్లో జరిగినాయో నీకు తెల్సా?

అల్లుడు: దాంట్లో యాడ జరిగినాయి మామా? పక్క రేకు ఊడబెరికి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టుకుంటే జరిగినాయి.

మామ: పెట్టుకుంటే ఏమి? నువ్వు చిన్న చిన్న ఫ్యాన్లు నాలుగు లోపల బిగిస్తావు. నేను పెద్దది ఒకటి బయట పెట్టినా. గాలి గాలే గదా.

అల్లుడు: చల్లదనం వరకైతే నీది తప్పనను. రేకు తీసి ఫ్యాను పెడితే వేడి తగ్గేది నిజమే. ఆ పెట్టె తెచ్చినావు గదా, ఈ బల్ల మీద పెట్టు. మిగతాది చూసి మాట్లాడుదాం.

మామ గోనెసంచిలోంచి పాత యంత్రాన్ని తీశాడు. చూడగానే నాకు మా అవ్వ ఇంటి అటక గుర్తొచ్చింది. ప్రాసెసరు మీది హీట్‌సింక్ రేకుల సందులు ఎక్కడా కనబడవు. వాటి మీద బూడిదరంగు దుమ్ము కంబళిలా పేరుకుని ఉంది. అల్లుడు స్క్రూడ్రైవర్ కొనతో ఒక మూల గీరితే అది ముక్కగా ఊడొచ్చింది, మందంగా, రొట్టె ముక్కలా. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను రెక్కలకు పత్తి నూగు పట్టుకుని ఉంది. యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ జాలీ వెనక ఏదో నల్లగా కనిపిస్తే టార్చి వేసి చూశాడు. ఎండిపోయిన బల్లి. తోక ఫ్యాను చుట్టూ తిరిగి ఉంది.

అల్లుడు: నీ టేబుల్ ఫ్యాను గాలి ఒకటే తోయలా మామా. గదిలో ఉండే కసువంతా దీంట్లోకి తోసింది. మొదటేడు చల్లగానే ఉండుంటాది. రెండో ఏటికి సందులు పూడిపొయ్యుంటాయి. అప్పుడు నువ్వు ఫ్యాను రెండో నంబరు నుంచి మూడుకు తిప్పుంటావు.

మామ: (కాస్త తగ్గి) తిప్పినా.

అల్లుడు: ఈ బల్లి రెండు తీగల మధ్యన పడుంటే నీ హార్డు డిస్కుల్లో ఉండే పెండ్లిండ్లన్నీ ఒక్కసారిగా విడాకులు తీసుకుంటా ఉండె.

మామ: సరేరా, మూత వేసుకుంటా. మూతకేగా, అదే 1,800 పెట్టెకు గూడా మూత ఉండాది. నాలుగు వేలదే ఎందుకంట?

ఇక్కడ మామ అడిగిన ప్రశ్న చిన్నది కాదు. నిజానికి ఇన్నాళ్లూ నేనూ అదే అనుకునేవాణ్ణి. డబ్బా ఏదైనా డబ్బానే, డబ్బు లోపలి సరుకు మీద పెట్టాలి అని. అల్లుడు కాసేపు ఆలోచించి, దారి మార్చాడు.

అల్లుడు: నీ గది యాడుండాది?

మామ: మిద్దె పైన. ఎండాకాలంలో లోపల 38కి తక్కువుండదు. అందుకే చెప్తా ఉండా. గదే అంత కాగిపోతా ఉంటే నీ ఫ్యాన్లు ఏం చేస్తాయి? వేడిగాలిని తీసి వేడిగాలిలో పోస్తాయి. నీ 4,000 డబ్బా 38ని 30 చేస్తాదా?

అల్లుడు: చెయ్యదు. ఏ డబ్బా గూడా గదికన్నా చల్లగా ఉండదు. 40,000ది తెచ్చినా అంతే. గదికన్నా ఎంత మాత్రం ఎక్కువ వేడెక్కుతాది అనేదే డబ్బా పని. ఇది లెక్క కట్టి చెప్తా విను. మిక్సింగ్ చేసి వీడియో బయటికి తీసేటప్పుడు నీ కొత్త యంత్రం 300 వాట్లు తింటాది అనుకో. ఆ 300 వాట్లూ చివరికి వేడే. ఒక చిన్న ఇస్త్రీపెట్టెను డబ్బాలో పెట్టి మూసినట్టు. లోపలి గాలి గదికన్నా 10 డిగ్రీలే ఎక్కువుండాలంటే, సెకనుకు దాదాపు 26 లీటర్ల గాలి దాంట్లోంచి పోవాల.

మామ: 26 లీటర్లంటే?

అల్లుడు: సెకనుకు రెండు బిందెల గాలి, కొంచెం తక్కువ. ఫ్యాన్ల పెట్టెల మీద రాసే లెక్కలో 55 సీఎఫ్ఎం. గాలి సగమే పోతే తేడా 10 కాదు, 20 డిగ్రీలు. అప్పుడు నీ గది 38, డబ్బా లోపలి గాలి 58. ఆ 58 డిగ్రీల గాలితో ప్రాసెసరును చల్లబరచమని హీట్‌సింక్‌కు చెప్తా ఉండావు.

మామ: ఐతే కాలిపోతాదా?

అల్లుడు: కాలిపోదు, ఈ కాలపువి తెలివైనవి. 95, 100 డిగ్రీల కాడ అదే వేగం తగ్గించుకుంటాది. నువ్వు దుడ్లు పెట్టి కొన్న వేగాన్ని అది ఎండాకాలమంతా వాడుకోకుండా దాచిపెడతాది. అరగంటలో అయ్యే ఎక్స్‌పోర్ట్ ముప్పావుగంట అవుతాది. పెండ్లోళ్లు నీకు ఫోను మీద ఫోను.

మామ: ఐతే ఆ 4,000తో ఏసీకి కంతు కట్టుకుంటా. లేకుంటే యూనిట్ కింది గదికి దించుతా.

అల్లుడు: కింది గదికి దించు. అది అన్నిటికన్నా మంచి మాట. మిద్దె మీద సున్నం కొట్టించినా గది కొంచెం దిగుతాది. గది ఎంత దిగితే డబ్బా అంత దిగుతాది, ఒక్క పైసా అడక్కుండా.

ఈ ఒక్క మాట మీద ఇద్దరికీ రాజీ కుదిరింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ఇంటి పైకప్పులకు తెల్లరంగు వేయమంటే, మా వైపు ముసలివాళ్లు సున్నమంటే ఇదేగదా అనేశారు. సరే, మామ మెత్తబడ్డాడనుకున్నాను. కాదు. కొత్త ఆయుధం తీశాడు.

మామ: నువ్వు పుట్టకముందు మా నాయన కట్టిన మట్టిమిద్దెలో గవాక్షి ఉండె. పైన బొక్క, కింద తలవాకిలి. వేడిగాలి పైనుంచి పోతా ఉండె, చల్లగాలి కింద నుంచి వస్తా ఉండె. ఒక్క ఫ్యాను లేదు. నీ డబ్బాకు గూడా పైన బొక్క పెట్టు. వేడి దానంతటదే పోతాది.

అల్లుడు: మామా, ఆ మిద్దె ఎత్తు పదడుగులు. ఈ డబ్బా ఎత్తు ఒకటిన్నర అడుగు. వేడిగాలి పైకి లేచే ఊపు ఈ ఎత్తులో సొల్పం. ఒక్క ఫ్యాను తిరిగినా ఆ ఊపును తోసి పారేస్తాది. ఫ్యాను ఎట్ల తోస్తే అట్ల పోతాది గాలి, కిందికి తోస్తే కిందికి గూడా. పైన రెండు ఫ్యాన్లు పెట్టాల్సిందే అని అమ్మేవాళ్లు చెప్పేది నేనూ నమ్మను. నాకు కావాల్సింది ముందర దారి. గవాక్షి కాదు, తలవాకిలి.

మామ: తలవాకిలి మూసిన డబ్బా ఎవడన్నా చేస్తాడా?

అల్లుడు మాట్లాడకుండా వెనక అలమర వైపు చేయి చూపాడు. వరసగా ఆరు క్యాబినెట్లు. ఐదింటికి ముందర నిలువెత్తు అద్దం, లోపల రంగురంగుల లైట్లు. తిరుపతిలో ఏ కంప్యూటరు అంగడికి పోయినా ఇదే వరస, నవరాత్రి బొమ్మల కొలువులా. మామ కొడుకు, ఇంటర్ కుర్రాడు, వాట్సాప్‌లో పంపింది కూడా అలాంటిదే ఫోటో. మామ దానికి పెట్టిన పేరు చేపల తొట్టి.

అల్లుడు: వాడు అడిగిన చేపల తొట్టి ఇదే. ముందర అద్దం. గాలి యాడినుంచి వస్తాదో చెప్పు.

మామ: (వంగి, చేత్తో తడిమి) ఇదో, పక్కన సన్నగా సందుండాది.

అల్లుడు: రెండు వేళ్ల సందు. మూడు ఫ్యాన్లు ఆ సందులోంచి పీల్చాల. ముక్కులో దూది పెట్టుకుని కొండ మెట్లెక్కినట్టు. బయట 120 మిల్లీమీటర్ల ఫ్యాను, లోపల రంగులు, రేటేమో ఇదీ 4,000 దగ్గరే. అద్దానికీ లైట్లకూ పోయింది దుడ్డంతా.

మామ: నువ్వే గదా ఇవి అమ్మేది?

అల్లుడు: అమ్మేది ఓనరు. నేను బిగించేది. ఆగు, చూపిస్తా.

అంగడి గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం ముందు వెలుగుతున్న అగరుబత్తిని తెచ్చాడు. గుళ్లలో వాడిన పూలతో టీటీడీ 2021 నుంచి చేయిస్తున్న అగరుబత్తుల రకం అది. పరీక్షకు ఇంతకన్నా పవిత్రమైన పరికరం దొరకదు. అద్దం క్యాబినెట్‌కు కరెంటు ఇచ్చి, ముందర అద్దానికి బెత్తెడు దూరంలో పట్టుకున్నాడు. పొగ అద్దాన్ని తాకి, తెలియనివాడి ఇంటి ముందు నిలబడ్డట్టు కాసేపు తచ్చాడి, పైకి పోయింది. పక్క సందు దగ్గర పెడితే సన్నని తీగలా కొద్దిగా లోపలికి దూరింది. ఆరో క్యాబినెట్ ముందంతా మెష్. మామ భాషలో జల్లెడ. దాని ముందు పట్టాడు. పొగ ఒక్కసారిగా వంగిపోయి, లోపలికి లాక్కుపోయినట్టు మాయమైంది. రెండు క్షణాలకు వెనక ఫ్యాను దగ్గర చందనం వాసన.

మామ ఏమీ అనలేదు. అగరుబత్తి తాను తీసుకుని మళ్లీ ఒకసారి రెండింటి ముందూ పట్టి చూశాడు. మిక్సింగ్ చేసేవాడు గదా, ఒకే షాటును రెండుసార్లు చూడకుండా నమ్మడు.

ఆ పొగ చూసి నాకు ఆశ పుట్టింది. నా యంత్రాన్ని కూడా చూడమన్నాను. నాదీ చేపల తొట్టే. ఊరు చెప్పను గానీ, వేరేచోట ఒక అంగట్లో కట్టించింది. లైట్లకు ముచ్చటపడిన మాట ఒప్పుకుంటున్నాను. అల్లుడు ముందర అద్దం ఊడదీసి, ఫ్యాన్లు తిరుగుతుండగా అగరుబత్తి దగ్గరికి తెచ్చాడు. పొగ లోపలికి పోలేదు. ఎగిరి నా మొహాన కొట్టింది.

అల్లుడు: సార్, మీ ఫ్యాన్లు తిరగేసి పెట్టినారు.

నేను: అంటే?

అల్లుడు: ఫ్యానుకు ఒకవైపు అడ్డంగా నాలుగు పుల్లలుంటాయి చూడండి, మోటారును పట్టుకునేవి. గాలి ఆ వైపుకే పోతాది. ఆ పుల్లలు లోపలి వైపుంటే గాలి లోపలికి వస్తాది. మీకు పుల్లలు బయటికుండాయి. ముందరవి మూడూ బయటికి తోస్తా ఉండాయి, వెనకది గూడా బయటికే తోస్తా ఉండాది. నాలుగు దర్వాజాలూ బయటికి పోయేవే, వచ్చేదానికి ఒకటీ లేదు.

నేను: ఎందుకట్ల పెట్టారు?

అల్లుడు: పక్క అద్దంలోంచి చూస్తే పుల్లలు కనపడకుండా, లైటు నిండుగా కనపడాలని ఉంటాది.

మామ: (స్టూలు మీద ఎగిరి) చూసినావా సామీ! నువ్వు పెట్టింది ఎంత?

నేను: 5,500.

మామ: 5,500 పెట్టి మూడు ఫ్యాన్లు తిరగబడి తిరగతా ఉండాయి. నా 1,800 పెట్టెకు బల్లి పట్టింది, నీ పెట్టెకు మనిషి పట్టినాడు. ఇంగ చెప్పురా అల్లుడూ, డబ్బా గొప్పదా, బిగించేవాడు గొప్పోడా?

అల్లుడికి మొదటిసారి జవాబు తోచలేదు. నాకూ తోచలేదు. ఏడాది పాటు పొగడ్తలు అందుకున్న ఆ లైట్ల పెట్టె బల్ల మీద నోరు తెరుచుకుని ఉంది. లోపల ప్రతి సందు దగ్గరా, యూఎస్‌బీ రంధ్రాల చుట్టూ, దుమ్ము గీతలు. గాలి బయటికే పోతుంటే లోపలి ఖాళీని నింపడానికి ఎక్కడ పగులుంటే అక్కణ్నుంచి గాలి దూరుతుంది. ఫిల్టరు లేని దారుల్లోంచి దుమ్మును వెంటేసుకుని మరీ.

అల్లుడు తేరుకుని ఆ దుమ్ము గీతల్నే తన వాదానికి వాడుకున్నాడు.

అల్లుడు: మామా, ఇదే నేను చెప్పబోయేది. లోపలికి తోసే ఫ్యాన్లు జాస్తి, బయటికి తోసేవి తక్కువ ఉండాల. ముందర రెండు, వెనక ఒకటి. అప్పుడు లోపల గాలి బిగువు కొంచెం ఎక్కువై, సందుల్లోంచి గాలి బయటికే పోతాది. వచ్చేదారి ఒకటే, ముందర. ఆ దారికి ఫిల్టరు. ఫిల్టరు కడిగితే చాలు, లోపలంతా శుభ్రం. నువ్వు 4,000 పెట్టేది ఫ్యాన్లకు కాదు, చేత్తో ఊడే ఫిల్టరుకు.

మామ: ఎవరు కడగతారు దాన్ని?

అల్లుడు: నువ్వే.

మామ: మీ అత్తకు చెప్తా.

అల్లుడు: అత్తకు చెప్పొద్దు. కంప్యూటరు నీది, దుమ్ము నీది. నెలకొకసారి లాగి, కొళాయి కింద పట్టి, ఎండలో కాదు నీడలో ఆరబెట్టి, తడి లేకుండా మళ్లీ పెట్టాల. ఐదు నిమిషాల పని. ఫిల్టరు స్క్రూలతో బిగించిందైతే నువ్వు జన్మలో కడగవు. అయస్కాంతంతో అంటుకునేదో, పక్కకు జారేదో చూసి తీసుకో. కొనేముందు అంగట్లోనే రెండుసార్లు ఊడదీసి పెట్టి చూడు.

మామ: దానికి 4,000 ఎందుకు? దోమతెర గుడ్డ కత్తిరించి ముందర అంటిస్తా. మీటరు యాభై రూపాయలు.

అల్లుడు: బల్లిని ఆపతాది, దుమ్మును ఆపదు. కన్నం పెద్దది. మరీ సన్నం గుడ్డ కడితే దుమ్ము ఆగుతాది, గాలి గూడా ఆగుతాది. ఐనా చెప్తా ఉండా విను, ఇప్పుడుండే పెట్టెనే ఉంచుకోవాలనుకుంటే ఆ పని చెయ్యి. ముందర ప్లాస్టిక్ ఊడదీసి, తెర కట్టి, 120 ఫ్యాను ఒకటి జిప్‌టైలతో బిగిస్తా. 500లో అయిపోతాది. నేను వద్దనను.

ఈ మాట విని మామ అల్లుడి వైపు అనుమానంగా చూశాడు. అమ్మాల్సినవాడు చౌక దారి చూపిస్తే మనకు ఎప్పుడూ అనుమానమే. కానీ పాత పెట్టెలో వెనక ఉన్నది 80 మిల్లీమీటర్ల ఫ్యాను. అంత చిన్నది 120ది తోసినంత గాలి తోయాలంటే చాలా జోరుగా తిరగాలి, గోల చేయాలి. మిక్సింగ్ గదిలో గోలంటే నాదస్వరం మీద ఈగ ముసిరినట్టు. మామకు డబ్బు కన్నా చెవి ముఖ్యం. అక్కడ పాత పెట్టె ఓడిపోయింది.

ఇక ఎస్‌ఎంపీఎస్ సంగతి తొందరగా తేలింది. డబ్బాతో ఉచితంగా వచ్చేదాన్ని కొత్త గ్రాఫిక్స్ కార్డుకు పెట్టననీ, మెడ మీద కత్తి పెట్టినా పెట్టననీ అల్లుడు తెగేసి చెప్పాడు. 80 ప్లస్ గుర్తు ఉన్నదే కావాలన్నాడు. 2004లో మొదలైన ఆ గుర్తుకు అర్థం, తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం లోపలికి అందించి, వేడిగా పారబోసేది 20 శాతానికి మించదని. ఆ పారబోసేదీ ఇదే డబ్బాలో పడేదే గనక చల్లదనం లెక్కలో దానికీ వాటా ఉంది. మామ దీని మీద వాదించలేదు. బల్లి సాక్షిగా ఎస్‌ఎంపీఎస్‌లంటే ఆయనకు భయం పట్టుకుంది.

మామ: సరే, జల్లెడదే తీసుకుంటా. ఐతే ఈడ కాదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయి రిచీ స్ట్రీట్‌లో తెచ్చుకుంటా. ఆడ 400 తక్కువ.

అల్లుడు: పో. పక్కన అద్దముండే డబ్బాను జనరల్ బోగీలో ఒళ్లో పెట్టుకుని రా. పోను రాను టిక్కెట్టు, ఆటో, భోజనం. పైగా ఒక దినం పని పోతాది. ముహూర్తాల కాలంలో నీ దినం విలువ 400కన్నా తక్కువా?

మామ: మద్రాసులోనే చేసే కంపెనీలుండాయంట గదా.

అల్లుడు: జెబ్రానిక్స్ మద్రాసుదే. ఐనా మద్రాసు దాకా ఎందుకు, మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ లేదా? 2015 నుంచి ఆడ షియోమీ ఫోన్లు చేసినారు. ఫోన్లకన్నా ముందు, 1990ల్లో, అదే ఫాక్స్‌కాన్ అమెరికా కంపెనీ కాంపాక్‌కు ఈ రేకు డబ్బాలే చేసిపెట్టి పెద్దదైంది. నువ్వు రేకు డబ్బా అని తీసిపారేసేది చిన్న వ్యాపారం కాదు మామా.

మామ: డబ్బా చేసినోడు పెద్దోడవుతాడు, కొన్నోడు ఎందుకవుతాడు?

అల్లుడు: కొన్నోడికి లాభం చెప్తా. ఇంటెల్ వాళ్లు 1995లో ఏటీఎక్స్ అని ఒక కొలత పెట్టినారు. బోర్డుకు స్క్రూ బొక్కలు ఈడీడ ఉండాలని. ముప్పై ఏండ్లైనా అవే బొక్కలు. ప్రాసెసరు ఐదేండ్లకు పాతబడతాది, గ్రాఫిక్స్ కార్డు మూడేండ్లకు. డబ్బా పాతబడదు. ఇప్పుడు కొన్న మంచి డబ్బాలో ఇంకో రెండు బోర్డులు మారతాయి.

ఇక్కడ నేను ఒక మాట కలపాలి. ఆ కొలతను మార్చాలని ఇంటెల్ కూడా ఒకసారి చూసింది. పెంటియం 4 ప్రాసెసర్లు విపరీతంగా కాగుతున్న రోజుల్లో, ముందు నుంచి వచ్చే గాలి నేరుగా ప్రాసెసరు మీదికే పోయేలా 2003లో బీటీఎక్స్ అనే కొత్త అమరిక ప్రకటించారు. గాలి దారి విషయంలో అది తెలివైనదే. కానీ అంతలోకే తక్కువ కరెంటుతో నడిచే ప్రాసెసర్లు వచ్చాయి. 2006లో దాన్ని వదిలేశారు. పాత బొక్కలే గెలిచాయి. పొయ్యి మంట తగ్గిస్తే వంటిల్లు పడగొట్టి కట్టే పని తప్పుతుందని ఇంటెల్‌కు ఆలస్యంగా తెలిసింది. నాకు మామ వాదంలో నచ్చింది కూడా అదే. గది దించు, మంట దించు, తర్వాత డబ్బా.

కొలతల దగ్గర అల్లుడు టేపు తీశాడు. మామ ఎంచుకున్న బోర్డు మైక్రో ఏటీఎక్స్, 244 మిల్లీమీటర్ల చదరం. దానికి నిలువెత్తు పెట్టె అక్కర్లేదు. చిన్నది చాలు, అక్కడ కొంత మిగిలింది. అయితే ప్రాసెసరు మీద పెట్టే కూలరు ఎత్తు చూసుకోవాలి. కూలర్ మాస్టర్ హైపర్ 212 ఈవో లాంటిది 159 మిల్లీమీటర్ల ఎత్తుంటుంది. సన్నటి క్యాబినెట్లలో పక్క మూత దానికి తగిలి మూసుకోదు. మూసుకోకపోతే మామ మళ్లీ మూత తీసేస్తాడు. కథ మొదటికొస్తుంది. గ్రాఫిక్స్ కార్డు పొడుగు, ముందరి ఫ్యాన్లకూ దానికీ మధ్య ఖాళీ కూడా కొలిచాడు. డీప్‌కూల్ సీసీ560 లాంటి వాటిలో 120 ఫ్యాన్లు నాలుగు, ముందు మూడు వెనక ఒకటి, కంపెనీ వాళ్లే బిగించి ఇస్తారు. అలాంటిది తీసుకుంటే ఫ్యాన్లకు విడిగా ఖర్చుండదు. ఫ్యాన్లు లేకుండా చౌకగా కనిపించే డబ్బా, ఫ్యాన్లు కలిపేసరికి దీన్ని దాటిపోతుంది. మామ కాగితం మీద రెండూ కూడి చూసుకున్నాడు. 18 శాతం జీఎస్టీ దగ్గర మాత్రం పెన్ను ఆగి, ఒక నిట్టూర్పు.

మామ: లైట్లు లేనిది లేదా?

అల్లుడు: ఉండాది. 300 తక్కువ గూడా.

మామ: వద్దులే, లైట్లదే ఇయ్యి. లేకుంటే మావాడు ఇంట్లోకి రానీడు.

తండ్రి ప్రేమ ఖరీదు 300. గాలికీ దానికీ సంబంధం లేదని అల్లుడు గొణిగాడు గానీ బిల్లులో రాశాడు.

మామ పెట్టె కట్టించుకుంటుండగా నా వంతు వచ్చింది. అల్లుడు నా ఫ్యాన్లు నాలుగింటినీ విప్పి, బ్రష్షుతో రెక్కలు తుడిచి, ముందరి మూడింటినీ తిప్పి బిగించాడు. తిప్పకముందు, యంత్రానికి గట్టి పని ఇచ్చి చూసినప్పుడు ప్రాసెసరు వేడి 93 డిగ్రీలు. ఆ అంకె నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. తిప్పిన తర్వాత ఎంత తగ్గుతుందో చూసి, పక్కన రాయాలని గీత కూడా గీశాను. ముందరి అద్దం తీసేసి నడపమని, అద్దం ఇంట్లో దేనికన్నా వాడుకోమని అల్లుడు సలహా. మామ వెంటనే పెండ్లి ఫోటోకు ఫ్రేము కట్టిస్తానని అడిగేసుకున్నాడు.

యంత్రం ఆన్ చేశాడు. అగరుబత్తి ముందర పట్టాడు. పొగ ఈసారి నా మొహం మీదికి రాలేదు. మూడు ఫ్యాన్ల మధ్యకు సన్నగా వంగి లోపలికి పోయింది. తెర మీద అంకె 60 నుంచి ఎక్కడం మొదలైంది. 68. 74. 77. ముగ్గురం తెరకేసి వంగాం.

కరెంటు పోయింది.

అలమరలో లైట్లు ఆరిపోయాయి. పైన సీలింగు ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగింది. మూలన యూపీఎస్ ఒకటి కుయ్యి కుయ్యిమంటోంది. దానికి తగిలించిన యంత్రం నాది కాదు. ఇన్వర్టరు బ్యాటరీ సర్వీసుకు పోయిందని అల్లుడు ఎవరికో చెప్పినట్టు చెప్పాడు. అంగట్లో ఉన్న వేడి అప్పుడే కనిపెట్టినట్టు ఒక్కసారిగా మీద పడింది.

అల్లుడి చేతిలో అగరుబత్తి ఇంకా వెలుగుతోంది. ఫ్యాన్లన్నీ ఆగిన ఆ గదిలో పొగ ఎటూ వంగలేదు. దారం కట్టి లాగినట్టు నిటారుగా కప్పు దాకా లేచింది.

మామ నోరు మెదపలేదు. వేలు మాత్రం పైకి చూపించాడు.